బీడు దున్నబోతే బుడ్డ ట్రాక్టరు ఎందుకు విరుగుతోంది?

పత్తి సాళ్ళలో, మిర్చి సాళ్ళలో అంతర సేద్యానికని కొన్న చిన్న ట్రాక్టరుకు ఎండాకాలం వచ్చేసరికి పని ఉండదు. ఊరి చివర ఏళ్ళ తరబడి పడివున్న రెండెకరాల బీడు మాత్రం రోజూ కళ్ళపడుతూ ఉంటుంది. బండి ఇంట్లోనే ఉంది, డీజిలు పోస్తే సరిపోతుంది గదా అనిపిస్తుంది. తీసుకెళ్ళి సర్కారు తుమ్మ మోడుకు గొలుసు కడతారు. లేదా గొర్రు దించి మొదటి గేరు వేస్తారు. నాలుగు రోజులు తిరక్కముందే ముందు ఇరుసు పిన్ను అరిగి చక్రాలు ఊగడం మొదలవుతుంది. ఆ తర్వాత క్లచ్చు ప్లేటు, ఆ తర్వాత గేరుబాక్సు. బీడు సగం కూడా తెగదు, బండి షెడ్డుకెక్కుతుంది.

అక్కడ రైతు 'ఇనుములో పస లేదు, బొమ్మ ట్రాక్టరు అంటగట్టారు' అంటాడు. అమ్మినవాళ్ళు 'ఓవర్‌లోడు చేశావు, వారంటీ రాదు' అంటారు. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఈలోగా బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. ఈ విరుగుడు ఎందుకు జరుగుతోందో, చిన్న ట్రాక్టరుతో బీడును ఎంతవరకు బాగు చేసుకోవచ్చో, ఎక్కడ ఆపి పెద్ద యంత్రాన్ని పిలవాలో ఈ వారం చూద్దాం.

మన బీడు సంగతి ముందు

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక కుడి కాలువ కింద పల్నాడు ముఖం మారింది. కానీ కాలువ నీరు ఎక్కని మెరకలు ఇంకా చాలా ఉన్నాయి. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు వెళితే ఎర్ర గరపనేలలు, రాళ్ళ దిబ్బలు కనిపిస్తాయి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి ఉంది. చాలాచోట్ల అది పలకలు పలకలుగా పైకి వచ్చి ఉంటుంది. మనం ఇళ్ళలో పరుచుకునే నాపరాయి అదే. ఈ పలక నేల గురించి రైతు తెలుసుకోవలసింది ఒకటుంది. గుండ్రటి రాయి తగిలితే గొర్రు పన్ను దాన్ని పక్కకు నెడుతుంది, లేదా పైకెక్కి దిగుతుంది. పలక అలా కాదు. పన్ను దాని అంచు కిందికి దూరుతుందంటే మరి పైకి రాదు. బండి ముందుకు పోవాలి, పన్ను వెనక్కు పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్యా ఏది బలహీనంగా ఉంటే అది తెగుతుంది.

రెండోది సర్కారు తుమ్మ. ఇది మన దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1870ల్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో విత్తనాలు నాటినట్టు అటవీ గ్రంథాల్లో కనిపిస్తుంది. అక్కడి నుంచి ఇది పాకని బీడు లేదు. పైన ఎంత కొట్టినా చావకపోవడానికి కారణం దాని మొదట్లో ఉంది. నేలమట్టానికి కాస్త కిందగా, కాండం, వేరు కలిసేచోట నిద్రలో ఉండే మొగ్గలు ఉంటాయి. నేలకు పైన కొడితే ఒక్క కాండం స్థానంలో ఆరేడు లేస్తాయి. అలా రెండు మూడుసార్లు కొట్టిన చెట్టు మోడు చిన్నదిగా కనిపించినా, అడుగున బానంత బొడిపె కట్టి ఉంటుంది. చూపులకు మణికట్టు లావు కొమ్మే గదా అని గొలుసు కట్టేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

మూడోది నల్లరేగడి బీడు. పదేళ్ళు దుక్కి లేని రేగడి వేసవిలో ఇటుకలా బిగుస్తుంది. రెంటచింతల ఎండ సంగతి పేపరు చదివే ప్రతివారికీ తెలుసు. ఆ ఎండలో ఆ నేలను దున్నడమంటే ఎంత ట్రాక్టరుకైనా కష్టమే.

హార్స్‌పవరు కాదు, బరువు చూడండి

ట్రాక్టరు కొనేటప్పుడు అందరం అడిగేది 'ఎన్ని హెచ్‌పీ?' అని. బీడు పనికి అడగవలసిన ప్రశ్న 'బండి ఎన్ని కిలోలు?' అని. 15 నుంచి 20 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్లు చాలామటుకు 650 నుంచి 850 కిలోల మధ్య తూగుతాయి. 45, 50 హెచ్‌పీ బండి రెండు టన్నుల చుట్టూ ఉంటుంది. మెత్తటి పొలంలో రెండు చక్రాల లాగుడు ఉన్న ట్రాక్టరు తన బరువులో దాదాపు సగం మేరకే నికరంగా లాగగలదు. అంతకు మించితే చక్రం జారుతుంది. ఇంజనులో ఎంత శక్తి ఉన్నా, నేలను పట్టుకునేది చక్రమే.

ఒక లెక్క వేద్దాం. కాగితం తీసుకోండి. అయిదు పళ్ళ గొర్రు, పన్నుకూ పన్నుకూ 20 సెంటీమీటర్లు, అంటే వెడల్పు ఒక మీటరు. లోతు 12 సెంటీమీటర్లు. కదిపే మట్టి కోత 100 ఇంటు 12, అంటే 1,200 చదరపు సెంటీమీటర్లు. తేలికపాటి ఎర్రనేలలో ఒక్కో చదరపు సెంటీమీటరును కదపడానికి 0.3 కిలోల లాగుడు కావాలనుకుంటే మొత్తం 360 కిలోలు. 700 కిలోల బండి దీన్ని కష్టం మీద లాగుతుంది. అదే బిగిసిన రేగడిలో 0.6 కిలోలు కావాలి. మొత్తం 720 కిలోలు. బండి బరువు కంటే ఎక్కువ! లాగదు గాక లాగదు. అదే గొర్రుకు రెండు పళ్ళు ఊడదీసి మూడుతో, లోతు 8 సెంటీమీటర్లకు తగ్గిస్తే కోత 60 ఇంటు 8, అంటే 480. లాగుడు 288 కిలోలు. ఇప్పుడు బండి హాయిగా పోతుంది. రెండోసారి, మూడోసారి తోలి లోతు పెంచుకోవచ్చు. అయిదు పళ్ళతో ఒక్కసారే లోతుకు వెళ్ళాలనే ఆశ దగ్గరే క్లచ్చు ప్లేటు కాలుతోంది.

ఈ లెక్కలో అంకెలు నేలనుబట్టి, తేమనుబట్టి మారతాయి. మీ పొలంలో సంగతి తేల్చుకోవడానికి చక్రమే కొలబద్ద. వెనక టైరు మీద సున్నంతో ఒక గీత గీయండి. గొర్రు ఎత్తి ఉంచి బండి నడిపించి, చక్రం పది చుట్లు తిరిగేసరికి ఎంత దూరం పోయిందో రెండు పుల్లలు పాతి గుర్తు పెట్టండి. ఇప్పుడు గొర్రు దించి అంతే దూరం దున్నండి. చక్రం పదకొండు, పదకొండున్నర చుట్లు తిరిగితే పని సవ్యంగా ఉన్నట్టు. పన్నెండు దాటితే బరువు ఎక్కువైనట్టు. ఒక పన్ను ఊడదీయండి, లేదా లోతు తగ్గించండి. దీనికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు.

చక్రం జారుతోందని టైర్లలో నీళ్ళు నింపడం, ముందు ఇనుప దిమ్మలు కట్టడం, బురదగార్డు మీద ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టడం చాలామంది చేస్తుంటారు. మనుషుల్ని ఎక్కించడం ఏ పరిస్థితుల్లోనూ కూడదు. పడితే వెనక ఉన్నది గొర్రు. నీళ్ళు, దిమ్మలు కంపెనీ పుస్తకంలో చెప్పిన మేరకు తప్పులేదు. అంతకు మించితే ఏమవుతుందో ఆలోచించండి. మొదటి గేరులో ఇంజను తిప్పుడు శక్తి గేర్ల ద్వారా ఎన్నో రెట్లు పెరిగి ఇరుసుకు చేరుతుంది. అదంతా గేరు పళ్ళ మీద పడకుండా కాపాడుతున్నది చక్రం జారడమే. చక్రాన్ని జారనివ్వకుండా కట్టేస్తే ఆ బరువు లోపల గేరు పళ్ళు, ఇరుసు మోయాలి. పెద్ద బండిలో అవి లావుగా ఉంటాయి కాబట్టి ఓరుస్తాయి. చిన్నదానిలో ఉండవు. అందుకే చిన్న ట్రాక్టరుకు బరువు కట్టి పెద్ద ట్రాక్టరు చేయలేం. చక్రం రెండు రాళ్ళ మధ్య, లేదా మోడు పక్క గుంటలో ఇరుక్కున్నప్పుడు కూడా ఇదే ప్రమాదం. అది జారే వీలు లేనప్పుడు యాక్సిలరేటరు తొక్కితే గేరుబాక్సులో టప్పుమన్న శబ్దం వినాల్సివస్తుంది. దిగి, గునపంతో రాయి తప్పించి అప్పుడు కదలండి.

నాలుగు చక్రాల లాగుడు ఉన్న చిన్న బండి కొంత మెరుగ్గా లాగుతుంది, నిజమే. కాని ముందు ఇరుసులో కూడా గేర్లు, ఆయిలు సీళ్ళు ఉంటాయి. గట్టి నేల మీద, రోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపివుంచి తోలితే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడి అరుగుతాయి. డిఫరెన్షియల్ లాకు వేసి మలుపు తిప్పడం ఇంకా చేటు.

వేగం చేసే నష్టం

నిలకడగా లాగే బరువు కంటే ఒక్కసారి తగిలే దెబ్బ ప్రమాదం. వేగం రెట్టింపయితే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో పోతూ పలకకు తగిలిన గొర్రుకూ, రెండున్నర కిలోమీటర్లతో పోతూ తగిలిన గొర్రుకూ అంత తేడా. రాతి నేలలో మొదటి గేరు, అందులోనూ తక్కువ శ్రేణి గేరు వాడండి. డీజిలు కాస్త ఎక్కువ కాలుతుంది. కానీ కింది లింకు వంగిపోతే పెట్టే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

పల్నాడు రాళ్ళకు బిగువు పళ్ళ గొర్రు పనికిరాదు. స్ప్రింగులున్న గొర్రు తీసుకోండి. రాయి తగిలితే పన్ను వెనక్కు మడిచి, దాటాక మళ్ళీ స్థానానికి వస్తుంది. కొన్ని గొర్లకు స్ప్రింగుల బదులు తెగే బోల్టు, అంటే షేర్ బోల్టు ఉంటుంది. రోటవేటరు షాఫ్టుకు కూడా చాలావాటికి ఇదే ఉంటుంది. అది కావాలని మెత్తటి ఇనుముతో చేసినది. ఇంట్లో కరెంటు ఫ్యూజు లాంటిదన్నమాట. అది తెగితే తిట్టుకుని, షాపులో దొరికిన గట్టి హైటెన్షన్ బోల్టు బిగించేవాళ్ళు ఎక్కువ. ఆ తర్వాత బోల్టు తెగదు. తెగేది పి.టి.ఓ. షాఫ్టు. కంపెనీ చెప్పిన కొలత బోల్టులు ఒక డజను టూల్‌బాక్సులో వేసుకోండి.

రోటవేటరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాళ్ళు ఏరని నేలలో, వేళ్ళు తీయని నేలలో రోటవేటరు దించవద్దు. బ్లేడ్లు వంగడం సరే, రాయి చిమ్మి మనిషికి తగులుతుంది. తుమ్మ కొమ్మ రోటరుకు చుట్టుకుంటే ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

మోడుకు గొలుసు: ప్రాణం మీదికి వచ్చే పని

బండి విరిగితే బాగుచేయించుకోవచ్చు. ఈ పనిలో మనిషి పోతాడు, కాబట్టి నిదానంగా చదవండి.

మోడుకు కట్టిన గొలుసును ట్రాక్టరు వెనక టాప్ లింకు కొక్కేనికి గాని, ఇరుసు గొట్టానికి గాని తగిలించి లాగితే, మోడు కదలనప్పుడు వెనక చక్రం ముందుకు తిరగలేదు. అప్పుడు బండి ముందు భాగమే వెనక చక్రం చుట్టూ పైకి లేస్తుంది. డ్రైవరు సీటులో ఉండగానే బండి వెనక్కు తిరగబడుతుంది. దీనికి రెండు సెకన్లు కూడా పట్టదు. కాలు క్లచ్చు మీదికి చేరేలోపే అయిపోతుంది. చిన్న ట్రాక్టరుకు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం తక్కువ, ముందు భాగం తేలిక. అందుచేత పెద్దదానికంటే ముందుగా లేస్తుంది. గొలుసు ఎప్పుడూ వెనక కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసు కంటే కిందగా కట్టిన గొలుసు బండి ముందు భాగాన్ని అంత తేలిగ్గా లేవనివ్వదు.

కదలడం లేదని వెనక్కు వచ్చి, గొలుసు వదులు చేసి, ఊపుతో ఉరికించి లాగడం మరీ చెడ్డ అలవాటు. వదులు గొలుసు బిగిసే క్షణంలో పడే దెబ్బకు క్లచ్చు హౌసింగు బోల్టులు సాగుతాయి. గొలుసు తెగితే కొరడాలా వెనక్కు కొడుతుంది. ఇనుప తాడయితే ఇంకా ఘోరం. మోడు లాగేటప్పుడు గొలుసు పొడవుకు రెట్టింపు దూరంలో ఎవరూ ఉండకూడదు. పిల్లలు అసలు పొలంలోనే ఉండకూడదు.

అసలు చిన్న ట్రాక్టరుతో మోడు పీకించే ఆలోచనే మానుకోవడం మంచిది. మోడు చుట్టూ అడుగు లోతు తవ్వి, పక్క వేళ్ళు గొడ్డలితో నరికి, ఆ తర్వాత మిగిలిన బొడిపెను బయటికి ఈడ్చడానికి మాత్రం వాడుకోండి. అప్పుడది లాగుడు పని కాదు, మోత పని. కట్టె కోసం, బొగ్గుల బట్టీల కోసం తుమ్మ కొట్టుకునేవాళ్ళు ఊళ్ళకు వస్తుంటారు. వాళ్ళతో బేరం కుదుర్చుకునేటప్పుడే 'మొదళ్ళు తవ్వి తీయాలి' అని షరతు పెట్టండి. అలా మాట్లాడుకోకపోతే నేలకు జానెడు పైన కొట్టుకుని పోతారు. మీకు కట్టెల డబ్బు కొంత వస్తుంది, చేతిలో వందల మోళ్ళు మిగులుతాయి.

ఏ పని ఎవరిది

దేశానికి స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో మధ్య భారతంలో రెల్లు గడ్డి పట్టిన లక్షల ఎకరాల బీళ్ళను బాగు చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. అందుకు సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని ఒక సంస్థ పెట్టారు. 1949లో ప్రపంచ బ్యాంకు నుంచి కోటి డాలర్ల అప్పు తెచ్చి, గొలుసు పట్టాల మీద నడిచే భారీ ట్రాక్టర్లు తెప్పించారు. అది వట్టి గడ్డి. చెట్లు కాదు, రాళ్ళు కాదు. దానికే అంత బరువు యంత్రం అవసరమైంది. బీడు పగలగొట్టడం వేరు, సేద్యం చేయడం వేరు అని యంత్రాలు తెలిసినవారు అప్పుడే విడదీశారు. మనమే రెండూ ఒక్క బండితో చేయాలని చూస్తున్నాం.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు కంప కొట్టించి, ఎండినాక పక్కకు తీయండి. మోళ్ళు, పెద్ద రాళ్ళు జేసీబీతో తీయించండి. గంటల లెక్కన అద్దె కాబట్టి అది వచ్చేలోపు మీ పని మీరు చేసివుంచాలి. ప్రతి పది అడుగులకూ గునపం దించి చూసి, ఖంగుమన్నచోట సున్నం పోసి గుర్తు పెట్టండి. సున్నానికి పల్నాడులో కరువా! గుర్తులు ఉంటే జేసీబీ డ్రైవరు వెతుక్కోకుండా నేరుగా వెళ్ళి పలక లేపుతాడు. సగం కాలం కలిసివస్తుంది. పలక మరీ పెద్దదై, పొర మీద పొరగా లోతుకు పోతుంటే అక్కడ తవ్వడం ఆపేయండి. ఆ చెక్కను గట్టుగానో, పశువుల దొడ్డిగానో వదిలేయడం మేలు.

ఆ తర్వాత మొదటి దుక్కి అద్దెకు తెచ్చిన పెద్ద ట్రాక్టరుతో, డిస్కు నాగలితో చేయించండి. రెక్క నాగలి వేళ్ళకు, రాళ్ళకు పట్టుకుని ఆగుతుంది. డిస్కు గుండ్రంగా తిరుగుతూ అడ్డం వచ్చినదాని మీదికెక్కి దిగుతుంది. గట్టి, రాతి, మోళ్ళ నేలలకు దానినే వాడమని వ్యవసాయ ఇంజనీర్లు చెప్పేది ఇందుకే. దుక్కి రాళ్ళను పైకి తెస్తుంది. ఒక వాన పడితే మట్టి కడుక్కుపోయి అవి తెల్లగా బయటపడతాయి. అప్పుడు ఏరించండి. ఇక్కడి నుంచి మీ చిన్న ట్రాక్టరు పని మొదలు. ఏరిన రాళ్ళు మోసే ట్రక్కుకు, మూడు పళ్ళ గొర్రుకు, చివర రోటవేటరుకు అది చక్కగా పనికొస్తుంది. రాళ్ళ ట్రక్కును కూడా సగానికే నింపండి. రాళ్ళు మట్టికంటే బరువు, దిగుడులో ట్రక్కు తోస్తే చిన్న బండి బ్రేకులు ఆపలేవు.

అద్దె లెక్క చూసి భయపడకండి. మీ ఊళ్ళో జేసీబీ గంటకు ఎంత, పెద్ద ట్రాక్టరు ఎకరానికి ఎంత కనుక్కుని ఒక పక్క రాయండి. రెండో పక్క క్లచ్చు సెట్టు ఖరీదు, మెకానిక్కు కూలి, బండి షెడ్డులో ఉన్న రోజులు, ఆ రోజుల్లో పత్తికి గుంటక తోలక కలుపు పెరిగిన నష్టం రాయండి. ఆ చివరి అంకెను ఎవరూ రాయరు. అదే పెద్దది.

విరిగిన ముక్కను పారేయవద్దు

షెడ్డులో విరిగిన ఇరుసు, పిన్ను, బోల్టు ముక్కలను మూలన పారేస్తారు. వాటిని తీసుకుని వెలుతురులో చూడండి. విరిగిన ముఖం మొత్తం ఒకే తీరుగా, పంచదార పలుకుల్లా గరుకుగా మెరుస్తూ ఉంటే అది ఒక్క దెబ్బకు విరిగింది. రాయో, మోడో, ఉరికించి లాగడమో కారణం. అలా కాక ముఖంలో కొంత భాగం నున్నగా, నల్లబడి, ఆల్చిప్ప మీది గీతల్లాంటి వంపులతో ఉండి, మిగతా కొంచెమే కొత్తగా మెరుస్తుంటే అది చాలా రోజులుగా పగులుతూ వచ్చింది. పగులు ప్రతిరోజూ కొంచెం కొంచెంగా పెరిగి చివరికి తెగింది. బోల్టు వదులుగా ఉండటం, గ్రీజు లేకపోవడం, తరచు బరువు ఎక్కువవడం, లేదా తయారీలోనే లోపం ఇందుకు కారణాలు. క్లచ్చు ప్లేటు సంగతీ అంతే. ప్రెషరు ప్లేటు మీద నీలం మచ్చలు, మాడు వాసన ఉంటే క్లచ్చు జారి కాలింది. సగం క్లచ్చు నొక్కి తోలే అలవాటు, లేదా తట్టుకోలేనంత బరువు. ప్లేటు నడిమి పళ్ళు చిరిగిపోతే దెబ్బ తగిలింది.

ఇది తెలుసుకోవడం వల్ల రెండు లాభాలు. మొదటిది, అదే భాగం మళ్ళీ విరక్కుండా చూసుకోవచ్చు. రెండోది, వారంటీ మాట వచ్చినప్పుడు వట్టి చేతులతో నిలబడక్కరలేదు. వంద గంటలు కూడా తిరగని బండిలో ఆల్చిప్ప గీతల ముక్క కనిపిస్తే 'ఓవర్‌లోడు' అని ఒక్క మాటతో తోసేయడం కుదరదు. ముక్కను ఫొటో తీసి, సంచిలో కట్టి దాచండి. సర్వీసు చేయించిన ప్రతిసారీ గంటల మీటరు అంకె రాసిన జాబ్ కార్డు అడిగి తీసుకోండి. మొదటి సర్వీసులో బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి, అది ఎగ్గొట్టినవాళ్ళకు తర్వాత మాట్లాడే హక్కు సగం పోతుంది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

ఇంకా కొననివారు కొనేముందే అడగవలసినది పరీక్ష నివేదిక. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మన రాష్ట్రంలో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. పరీక్ష నివేదికలో బండి అసలు బరువు, డ్రాబార్ లాగుడు, ఎంత బరువు కట్టి పరీక్షించారు అన్నవి అంకెలతో ఉంటాయి. షోరూము రంగుల కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉండే హెచ్‌పీ కంటే ఈ అంకెలు మీకు పనికొస్తాయి. ఇంగ్లీషులో ఉంటుందని వెనకాడకండి, చదువుకున్న పిల్లాడితో ఆ రెండు పేజీలు చదివించుకోండి.

బీడులో బండికి రోజువారీ పని

రోడ్డు మీద తిరిగే బండికి వారానికోసారి చేసేది బీడులో రోజూ చేయాలి. ముందు ఇరుసు నడిమి పిన్నుకు, చక్రాల పిన్నులకు పొద్దున్నే గ్రీజు కొట్టండి. పాత గ్రీజు మట్టితో సహా బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఎయిర్ క్లీనరు దుమ్ముతో పూడితే ఇంజను నల్ల పొగ కక్కుతుంది. చిరిగినా, సరిగా కూర్చోకపోయినా అంతకంటే ప్రమాదం. సన్నటి దుమ్ము లోపలికి పోయి పిస్టను రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఆయిలు గిన్నె రకమైతే అడుగున మడ్డి చూసి మార్చండి. రేడియేటరు జాలీకి బీడులోని ఎండు గడ్డి నూగు మెత్తగా అతుక్కుంటుంది. మధ్యాహ్నం అన్నానికి ఆపినప్పుడు బ్రష్షుతో దులపండి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరుకు మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపడం బండికీ మంచిది, డ్రైవరుకీ మంచిది.

తుమ్మ ముల్లు టైరులో విరిగి ఉండిపోతుంది. ఆ రోజు పంక్చరు కాదు, వారానికి లోపలి ట్యూబును గుచ్చుతుంది. సాయంత్రం టైరు చుట్టూ చూసి పట్టుకారుతో లాగేయండి. ఇంజను కింద ఆయిలు చాంబరుకు, హైడ్రాలిక్ పైపులకు అడ్డంగా మందం రేకు ఒకటి వెల్డింగు షాపులో చేయించి బోల్టులతో బిగించండి. కొట్టేసిన కంప మొదళ్ళు ఈటెల్లా నిలబడివుంటాయి. చిన్న ట్రాక్టరు పొట్ట నేలకు దగ్గర, చాంబరు పగిలి ఆయిలు పోయింది డ్రైవరు చూసుకోకపోతే ఇంజనే పట్టేస్తుంది. రేకు బిగించేటప్పుడు ఆయిలు దించే బిరడాకు, గాలి తగలడానికి సందు వదలమని చెప్పండి.

దున్నడానికి అదును కూడా ఉంది. రేగడి ఎండినప్పుడు రాయి, తడిసినప్పుడు జిగురు. తొలకరి పడ్డాక జానెడు లోతు మట్టి తీసి పిడికిట నొక్కండి. ముద్దయి, వేలితో తట్టగానే విరిగితే అదును వచ్చినట్టు. వేళ్ళకు అంటుకుంటే రెండు రోజులు ఆగండి. ఎర్ర గరపనేలకు ఈ అదును కొద్ది రోజులే ఉంటుంది, వాన పడ్డ మర్నాడే వెళ్ళి చూడాలి.

ఇంత చేసినా మొదటి ఏడాదే బీడు పొలం కాదు. సర్కారు తుమ్మ కాయలను మేకలు, గొడ్లు తిని పేడలో విత్తనాలు వేస్తాయి. భూమిలో పడిన విత్తనం ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది. రెండో వర్షాకాలానికి మళ్ళీ పచ్చగా మొలకలు లేస్తాయి. అవి పెన్సిలు లావు లోపు ఉండగానే, నేల తడిగా ఉన్నప్పుడు, మూడు పళ్ళ గొర్రు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తోలితే వేరుతో సహా వస్తాయి. బొటనవేలు లావయ్యాయంటే గొర్రుకు వంగి మళ్ళీ లేస్తాయి, అప్పుడు పలుగుతో ఒక్కొక్కటీ తవ్వుకోవాలి. ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పొలం చుట్టూ తిరిగి చూసి, గట్ల మీద మిగిలిన పెద్ద చెట్లు కాయకముందే కొట్టించండి.